ఒక & సరిపోతుందా, రెండు కావాలా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే గొడవ చుట్టూ తిరుగుతున్నాయి: బిట్‌వైజ్ (& లాంటివి), లాజికల్ (&& లాంటివి) ఆపరేటర్లు. అందుకే మిగతావన్నీ పక్కన పెట్టి ఈ శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నా. కోడ్ ముక్కల్లో వేరియబుల్ పేర్లు తెలుగులోనే రాశాను, మీరు వాడే భాషకు తగ్గట్టు మార్చుకోండి.

ప్రశ్న: సార్, రెండు సంఖ్యలూ సున్నా కాకపోతేనే ఒక పని జరగాలి. సీలో ఇఫ్ (6 & 3) అని పెడితే జరిగింది, ఇఫ్ (6 && 3) అని పెట్టినా జరిగింది. రెండూ ఒకటేలే అని అంతటా & తోనే కానిచ్చేశాను. తీరా 4, 3 ఇచ్చి చూస్తే కదలదు, మెదలదు. కంపైలర్‌లో ఏమైనా లోపమా? — ఒక కాలేజీ విద్యార్థి

జవాబు: కంపైలర్ మీద అభాండం వేయకండి, అది మీరు అడిగిందే చేసింది. మొదటిసారి పని జరగడం కేవలం అదృష్టం.

&& అనేది సంఖ్య లోపలికి తొంగి చూడదు. ఎడమవైపు ఉన్నది సున్నానా కాదా, కుడివైపు ఉన్నది సున్నానా కాదా, అంతే. రెండూ సున్నా కాకపోతే జవాబు 1, లేదంటే 0. అందుకే 6 && 3 కూ, 4 && 3 కూ జవాబు 1 ఒక్కటే. & సంగతి అది కాదు. దానికి మీ 6, మీ 3 మొత్తంగా ఎంతో అక్కర్లేదు, బిట్లు కావాలి, అంటే సంఖ్యని 0, 1 లతోనే రాసినప్పుడు వచ్చే ఒక్కో అంకె. రెండు సంఖ్యల్నీ ఒకదాని కింద ఒకటి రాసుకుని ఒక్కో నిలువు వరుసా చూస్తుంది, పైనా కిందా రెండు చోట్లా 1 ఉంటేనే అక్కడ 1 వేస్తుంది:

6 → 110
3 → 011
6 & 3 → 010, అంటే 2

2 సున్నా కాదు కాబట్టి ఇఫ్ దాన్ని నిజం అనుకుంది, మీ పని జరిగింది. ఇప్పుడు 4, 3 చూడండి:

4 → 100
3 → 011
4 & 3 → 000

ఏ వరుసలోనూ రెండు 1లు కలవలేదు. రెండూ సున్నా కాని సంఖ్యలే, అయినా జవాబు సున్నా. ఇలాంటి బగ్ టెస్టింగ్‌లో దొరకడం కష్టం, ఎందుకంటే చాలా సంఖ్యలకు ఇది సరిగ్గానే పనిచేస్తున్నట్టు నటిస్తుంది. చదవని మెసేజ్‌లు 4, కొత్త నోటిఫికేషన్లు 3 ఉన్న యూజర్‌కి మాత్రం ఏమీ కనపడదు, పక్కనున్నవాడికి 6, 3 ఉంటే బ్రహ్మాండంగా కనపడుతుంది, మీరేమో జుట్టు పీక్కుంటారు.

ఇదే తప్పు జావాలో చేయబోతే కంపైలరే ఆపేస్తుంది, అక్కడ ఇఫ్‌లో బూలియన్ (నిజం లేదా అబద్ధం) తప్ప సంఖ్య పెట్టనివ్వరు. పైథాన్, జావాస్క్రిప్ట్ మరో దారి: 4 యాండ్ 3 అంటే పైథాన్ నిజం అని చెప్పదు, 3 అని ఇస్తుంది. ఎడమది సున్నా కాదు కాబట్టి తీర్పు కుడివైపుది, దాన్నే ఉన్నదున్నట్టుగా చేతిలో పెడుతుంది. జావాస్క్రిప్ట్‌లో 4 && 3 కూడా 3 నే.

ప్రశ్న: జావాలో ఒక ఆబ్జెక్ట్ నల్ (ఖాళీ) కాదని చూసుకున్నాకే దాని లోపలి విలువ చదువుతున్నాను. ఇఫ్ (ఖాతా != నల్ & ఖాతా.నిల్వ > 0) అని రాశాను. కంపైల్ అయింది, ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. రన్ చేస్తే నల్ పాయింటర్ ఎక్సెప్షన్! చెక్ చేశాక కూడా ఎందుకు పడిపోతోంది? — కొత్తగా ఉద్యోగంలో చేరినవాడిని

జవాబు: చెక్ చేశారు సరే, చెక్ చేసి ఆగారా? ఆగలేదు. అక్కడే ఉంది కిటుకంతా.

&& కి ఎడమవైపు అబద్ధం అని తేలిందంటే కుడివైపు ఇక చూడదు. ఎలాగూ మొత్తం అబద్ధమే అవుతుంది కదా, చూసి లాభమేంటి అని వదిలేస్తుంది. || (లేదా) కూడా అంతే, ఎడమది నిజమైతే అక్కడితో ఆపేస్తుంది. దీన్నే షార్ట్ సర్క్యూట్ అంటారు. పేరు విని కరెంటు షాక్ లాంటిదేదో అనుకోకండి, నిజానికి మీ ప్రోగ్రాంని కాపాడేది ఇదే. నల్ చెక్ ఎడమన, లోపలికి వెళ్లడం కుడిన పెట్టి మధ్యలో && రాస్తే, నల్ ఉన్నప్పుడు కుడివైపు కోడ్ అసలు రన్ కాదు. సున్నాతో భాగహారం కాకుండా చూసుకోవడానికీ ఇదే పద్ధతి: హారం != 0 && మొత్తం / హారం > 10. వరుస తిప్పి రాశారంటే మాత్రం && ఉన్నా లాభం లేదు, ముందు భాగహారమే జరుగుతుంది.

ఒంటి & కి ఈ తెలివి లేదు, ఉండటానికి వీల్లేదు కూడా. అన్ని బిట్లూ కలపాలంటే రెండు వైపులా విలువలు చేతిలో ఉండాలి కదా. సంఖ్యల విషయంలో ఇది అందరికీ తెలిసిందే. జావాలో ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, & ని బూలియన్ల మీద కూడా వాడనిస్తారు, జవాబు కూడా సరిగ్గానే వస్తుంది, కానీ రెండు వైపులా లెక్కకట్టి మరీ ఇస్తుంది. అందుకే మీకు ఎర్రర్ రాలేదు. ఒక్క గుర్తు తగ్గింది, అంతే, కొంప మునిగింది.

దీనికి తిరగేసిన ఇబ్బంది ఇంకొకటి. సేవ్() && మెయిల్_పంపు() అని ఎవరో ఒకే లైన్‌లో తెలివిగా రాస్తారు. సేవ్ అబద్ధం తిరిగి ఇస్తే మెయిల్ వెళ్లదు. అదే కావాలనుకుని రాస్తే మంచిదే, కానీ సేవ్ ఏమైనా మెయిల్ మాత్రం వెళ్లాల్సిందే అనుకునే చోట ఇలా రాస్తే, మెయిల్ ఎందుకు రావట్లేదని మెయిల్ సర్వర్ చుట్టూ తిరుగుతారు. ఏదైనా పని చేసే ఫంక్షన్‌ని && కి కుడివైపు పెట్టకుండా విడిగా పిలిచి, జవాబుని వేరియబుల్‌లో పెట్టుకోవడమే నాకిష్టం. ఒక లైన్ ఎక్కువైతే అయింది.

షార్ట్ సర్క్యూట్‌ని దుర్మార్గానికి వాడిన కథ కూడా ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. 2003 నవంబర్‌లో లినక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ) సోర్స్ కాపీ ఒకదాంట్లో ఎవరో గుట్టుచప్పుడు కాకుండా రెండు లైన్లు చేర్చారు. సారాంశం ఇది: ఇఫ్ ((ఆప్షన్లు == (ఫ్లాగ్1 | ఫ్లాగ్2)) && (యూజర్_ఐడీ = 0)) అయితే ఎర్రర్ కోడ్ ఇవ్వు. పైపైన చూస్తే తప్పుడు ఆప్షన్లు ఇచ్చినవాడిని ఆపే మామూలు చెకింగ్. కళ్లు చిట్లించి చూస్తే యూజర్ ఐడీ దగ్గర ఉన్నది == కాదు, ఒంటి =. అంటే పోల్చడం లేదు, సున్నా పెట్టేస్తోంది, ఐడీ సున్నా అంటే సిస్టమ్‌కి సర్వాధికారి. ఇక && పాత్ర చూడండి. ఆ రెండు ఫ్లాగులూ (ఒక్కో బిట్‌తో ఆన్ చేసే ఆప్షన్లు, | వాటిని కలుపుతుంది) కలిపి ఇచ్చినవాడికే కుడివైపు రన్ అవుతుంది, మామూలు జనానికి ఎడమవైపే ఆగిపోతుంది కాబట్టి ఎవరికీ ఏ తేడా తెలియదు. పెట్టిన విలువ సున్నా కాబట్టి మొత్తం కండిషన్ అబద్ధమే, ఎర్రర్ కోడ్ కూడా రాదు. ఒకే లైన్‌లో |, &&, = మూడూ ఎంత పొందిగ్గా అమరాయో చూడండి. ఆ మార్పు సరైన దారిలో రాలేదని డెవలపర్లు వెంటనే కనిపెట్టారు కాబట్టి అసలు కెర్నల్‌లోకి ఎక్కలేదు.

ప్రశ్న: సరి సంఖ్యో కాదో చూడటానికి సీలో ఇఫ్ (సంఖ్య & 1 == 0) అని రాశాను. ఏ సంఖ్య ఇచ్చినా బేసి అనే అంటోంది. ఇదే లైన్ మా ఫ్రెండ్ పైథాన్‌లో రాస్తే సరిగ్గా పనిచేస్తోంది. నాకే ఎందుకిలా సార్? — మళ్లీ ఒక విద్యార్థిని

జవాబు: మీ తప్పు కొంత, చరిత్ర తప్పు ఎక్కువ.

సీలో == కి & కన్నా ముందు వరుస. కాబట్టి మీరు రాసింది సంఖ్య & (1 == 0) అయి కూర్చుంది. 1 == 0 అబద్ధం, అంటే 0. ఏ సంఖ్యని 0 తో & చేసినా 0 నే. ఇక ఆ ఇఫ్ లోపలికి ఎవరూ వెళ్లరు, జన్మలో. (సంఖ్య & 1) == 0 అని బ్రాకెట్లు పెట్టండి, చాలు.

ఇంత వంకర నియమం ఎందుకొచ్చిందంటే, సీ కన్నా ముందు బీ అనే భాష ఉండేది, అందులో && లేదు, || లేదు. ఇఫ్ లోపల & కనిపిస్తే షార్ట్ సర్క్యూట్ లాగా, బయట కనిపిస్తే బిట్ల లాగా పనిచేసేది, చోటుని బట్టి వేషం. అప్పట్లో ఇఫ్ (క == ఖ & గ) అని రాసేవాళ్లు, అక్కడ == ముందు జరగడమే న్యాయం. తర్వాత డెనిస్ రిచీ సీ తయారు చేస్తున్నప్పుడు, ఆ కాలపు ప్రోగ్రామర్ అలాన్ స్నైడర్ పట్టుబట్టడంతో && ని, || ని విడిగా చేర్చారు. అప్పుడే & ని == కన్నా పైకి జరిపి ఉంటే మీకు ఈ ప్రశ్న ఉండేది కాదు, కానీ అప్పటికే రాసిన కోడ్ అంతా మారిపోతుందని ఉన్నచోటే ఉంచేశారు. ఇది సరిగ్గా కుదరలేదని రిచీయే తర్వాత రాసుకున్నారు కూడా. సీ ని చూసి పుట్టిన జావా, జావాస్క్రిప్ట్, సీ ప్లస్ ప్లస్ అన్నీ ఆ వరుసనే తెచ్చుకున్నాయి. జావాలో మాత్రం మీ లైన్ కంపైల్ కూడా అవ్వదు, సంఖ్యనీ బూలియన్‌నీ & తో కలపనివ్వదు కాబట్టి బతికిపోతారు.

పైథాన్ ఈ విషయంలో తెగించి వరుస మార్చింది, అక్కడ & దే ముందు వరుస. అందుకే మీ ఫ్రెండ్‌కి పనిచేసింది. అయితే తనని మరీ సంబరపడిపోవద్దని చెప్పండి. పాండాస్ అనే పైథాన్ లైబ్రరీలో డేటా వడకట్టేటప్పుడు వయసు > 18 & మార్కులు > 60 అని రాస్తే అదే నియమం వల్ల ముందు 18 & మార్కులు జరిగిపోతుంది, అంతా తలకిందులవుతుంది. (వయసు > 18) & (మార్కులు > 60) అని రెండు బ్రాకెట్లూ పడాల్సిందే. పోనీ యాండ్ వాడదామా అంటే అదీ కుదరదు, యాండ్‌కి ఒకే ఒక్క నిజం గానీ అబద్ధం గానీ కావాలి, వెయ్యి వరుసల కాలమ్ ఇస్తే ఏది నిజమో తేల్చుకోలేక ఎర్రర్ ఇస్తుంది.

వరుసల పట్టిక బట్టీ పట్టమని నేను ఎవరికీ చెప్పను. && కన్నా || వెనక జరుగుతుందని గుర్తుంటే మంచిదే, లేకపోయినా పర్లేదు. &, |, ^ కనిపించిన ప్రతిచోటా బ్రాకెట్ పెట్టేయండి. జీసీసీ అనే సీ కంపైలర్‌లో వార్నింగ్స్ అన్నీ ఆన్ చేసుకుంటే ఇలాంటి లైన్ దగ్గర అదే బ్రాకెట్ సంగతి గుర్తుచేస్తుంది.

ప్రశ్న: ~5 అంటే -6 ఎందుకు? 5 ని తిరగేస్తే ఎంతో కొంత ప్లస్ సంఖ్య రావాలి కదా. పైగా !5 అంటే 0 అంటోంది. — పేరు వద్దు

జవాబు: ! అడిగేది నిజమా అబద్ధమా అని. 5 సున్నా కాదు, అంటే నిజం, తిప్పితే అబద్ధం, అంటే 0. ~ మాత్రం ఉన్న ప్రతి బిట్‌నీ తిప్పేస్తుంది. ఎనిమిది బిట్లలో 5 అంటే 00000101, తిప్పితే 11111010. మొదటి బిట్ 1 అయింది, మైనస్ సంఖ్యలకు కంప్యూటర్లు వాడే టూస్ కాంప్లిమెంట్ పద్ధతిలో అది -6. ఎప్పుడైనా ~క విలువ -క - 1 అని గుర్తు పెట్టుకోండి. ఎడమవైపు సున్నాలు కనపడవు కాబట్టి అవి లేవనుకుంటాం, ~ వాటిని కూడా వదలదు.

పైథాన్‌లో దీనివల్ల ఒక తమాషా. ~ట్రూ అంటే ఫాల్స్ రాదు, -2 వస్తుంది. -2 సున్నా కాదు, అంటే మళ్లీ నిజమే! 3.12 వెర్షన్ నుంచి దీనికి వార్నింగ్ కూడా ఇస్తున్నారు. బూలియన్‌కి నాట్, బిట్లకి ~.

ప్రశ్న: 10 ^ 2 కి 100 రావాలి, 8 వస్తోంది. — తొమ్మిదో తరగతి

జవాబు: ^ ఘాతం గుర్తు కాదమ్మా, ఎక్సార్. రెండు బిట్లూ వేరువేరుగా ఉంటే 1, ఒకేలా ఉంటే 0. 1010, 0010 కలిపితే 1000, అంటే 8. పైథాన్‌లో ఘాతం కావాలంటే 10 ** 2 అని రాయి.

ఎక్సార్‌కి ఉన్న గొప్ప గుణం, ఏ సంఖ్యనైనా రెండుసార్లు కలిపితే అది మాయమైపోతుంది: 7 ^ 5 ^ 5 మళ్లీ 7 నే. ఒక జాబితాలో అన్ని సంఖ్యలూ రెండేసిసార్లు ఉండి ఒక్కటి మాత్రం ఒంటరిగా ఉంటే, అన్నిటినీ వరుసగా ^ చేసేస్తే ఆ ఒంటరిదే మిగులుతుంది. చేసి చూడు, బాగుంటుంది. హార్డ్ డిస్కుల్లో రెయిడ్ 5 అనే ఏర్పాటు కూడా ఇదే: మిగతా డిస్కుల్లోని బిట్ల ఎక్సార్‌ని అదనంగా దాచుకుంటారు, ఒక డిస్క్ పాడైతే ఉన్నవన్నీ మళ్లీ ఎక్సార్ చేసి పోయినదాన్ని తిరిగి రాబడతారు.

ప్రశ్న: నేను చాలాకాలంగా వెబ్ డెవలపర్‌ని. && లేకుండా రోజు గడవదు, & మాత్రం ఇంటర్వ్యూల్లో తప్ప ఎక్కడా కనపడదు. నిజంగా ఇవి ఎవరికైనా పనికొస్తాయా, లేక అభ్యర్థుల్ని టెన్షన్ పెట్టడానికేనా? — ఒక పాఠకుడు

జవాబు: ఇంటర్వ్యూల సంగతి మీరన్నది కొంత నిజమే. కానీ & మీకు కనపడనంత మాత్రాన లేనట్టు కాదు, మీ కింద ఉన్న అంతస్తుల్లో అదే పనిచేస్తోంది.

సర్వర్‌లో ఫైల్‌కి 755 అని పర్మిషన్ పెడతారు కదా. చదవడం 4, రాయడం 2, రన్ చేయడం 1, మూడూ మూడు బిట్లు, 7 అంటే మూడూ ఉన్నాయని, 5 అంటే రాయడం లేదని. రాసే అనుమతి ఉందా అని చూడాలంటే అనుమతి & 2. కొత్తగా ఇవ్వాలంటే అనుమతి | 2. తీసేయాలంటే అనుమతి & ~2. ఉంటే తీసి, లేకపోతే పెట్టాలంటే అనుమతి ^ 2. ఈ నాలుగూ వచ్చాయంటే ఫ్లాగులతో నడిచే ఏ లైబ్రరీ అయినా చదవగలరు. తీసేసేటప్పుడు చాలామంది అనుమతి - 2 అని రాస్తారు. ఆ బిట్ ఉన్నంతసేపు సరిపోతుంది, ముందే లేకపోతే 5 కాస్తా 3 అయి కూర్చుంటుంది. అంటే చదివే అనుమతి పోయి, వద్దనుకున్న రాసే అనుమతే వచ్చింది! & ~2 కి ఆ ప్రమాదం లేదు, లేని బిట్‌ని ఎన్నిసార్లు తీసినా 5 అలాగే 5. కొత్త ఫైల్ 644 తో ఎందుకు పుడుతుందన్నదానికి జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది, 666 లోంచి 022 అనే మాస్క్ బిట్లని సరిగ్గా ఇలాగే తీసేస్తారు.

నెట్‌వర్క్‌లో కూడా అదే. 192.168.1.37, 192.168.1.130 రెండూ ఒకే సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్‌లోని ఒకే చిన్న ముక్కలో) ఉన్నాయా? మాస్క్ 255.255.255.192 అనుకుందాం. చివరి అంకెలు చాలు: 37 & 192 అంటే 0, 130 & 192 అంటే 128. వేరువేరు. ప్యాకెట్ పక్క మెషిన్‌కి నేరుగా వెళ్లాలా, రౌటర్ దగ్గరికి వెళ్లాలా అన్నది ఈ & జవాబుని బట్టే తేలుతుంది.

మీరు ఇప్పుడు చదువుతున్న ఈ అక్షరాలే తీసుకోండి. ప్రతి అక్షరానికీ ఒక నంబర్ ఇచ్చే యూనికోడ్‌లో 'క' నంబర్ 3093. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాన్ని దాచితే మూడు బైట్లు: 224, 176, 149. మూడు బైట్ల అక్షరం అయితే మొదటి బైట్ ఎప్పుడూ 1110 తో, తర్వాతి రెండూ 10 తో మొదలవుతాయి, ఆ ముందు బిట్లు గుర్తు కోసం, మిగిలినవే సరుకు. బైట్లుగా చూస్తే ఇలా ఉంటాయి:

224 → 1110 0000
176 → 10 110000
149 → 10 010101

ఇప్పుడు గుర్తు బిట్లు తుడిచేయాలి, మిగిలినవి సరైన చోటికి జరపాలి, కలపాలి. తుడవడానికి &, జరపడానికి <<, కలపడానికి |:

((224 & 15) << 12) | ((176 & 63) << 6) | (149 & 63)

మొదటి ముక్క 0. రెండోది 48, ఆరు చోట్లు ఎడమకి జరిగితే 3072. మూడోది 21. కలిపితే 3093, అదుగో మీ 'క'. తెరమీద తెలుగు కనపడిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఈ పని జరిగే ఉంటుంది. ఇంకో ముచ్చట: యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించిన నంబర్లు 3072 నుంచి 3199 దాకా, సరిగ్గా 128. అంటే ఒక అక్షరం తెలుగు గళ్లలోదా అని తెలుసుకోవాలంటే (నంబర్ >> 7) == 24 అని, అంటే ఏడు చోట్లు కుడికి జరిపి, ఒక్క పోలిక చాలు. నిజం కోడ్‌లో అయితే నేను నంబర్ >= 3072 && నంబర్ <= 3199 అనే రాస్తాను, చదివేవాడికి వెంటనే అర్థమవుతుంది. ఎలా కుదిరిందో చూడటానికి మాత్రం మొదటిది ముచ్చటగా ఉంది.

ప్రశ్న: జావాస్క్రిప్ట్‌లో యూజర్ ఏమీ ఇవ్వకపోతే డిఫాల్ట్‌గా 10 తీసుకోవాలని పరిమితి || 10 అని రాశాం. యూజర్ కావాలనే 0 ఇచ్చినా 10 అయిపోతోంది. ఇంకో చోట దశాంశం కొట్టేయడానికి సంఖ్య | 0 అని ఉంది, పెద్ద సంఖ్యలకు మైనస్ వస్తోంది. రెండూ ఒకే జబ్బా? — ఒక టీమ్ తరఫున

జవాబు: కాదు, రెండు వేరు జబ్బులు. || ఎడమవైపు సున్నా కనపడగానే అబద్ధం అనుకుని కుడివైపుకి దూకుతుంది. 0 అన్నది కూడా ఒక విలువేనని దానికి తెలియదు, ఖాళీ స్ట్రింగ్ విషయంలో కూడా ఇంతే. 2020 ప్రమాణంతో వచ్చిన ?? వాడండి, పరిమితి ?? 10 అంటే నల్ గానీ అన్‌డిఫైన్డ్ గానీ అయితేనే 10 తీసుకుంటుంది.

రెండోదానికి కారణం, జావాస్క్రిప్ట్‌లో బిట్‌వైజ్ పని ఏది చేసినా సంఖ్యని ముందు 32 బిట్లకి కుదిస్తుంది, అందులోనూ మైనస్ గుర్తుతో సహా. 2147483647 దాకా బాగానే ఉంటుంది, 2147483648 | 0 అంటే -2147483648 అయిపోతుంది, 4294967296 | 0 అంటే ఏకంగా 0. మిల్లీసెకన్లలో ఉండే ఇప్పటి టైమ్‌స్టాంప్‌లు ఈ హద్దుని ఎప్పుడో దాటేశాయి. దశాంశం కొట్టేయడానికి ట్రంక్ అనే ఫంక్షన్ ఉండగా ఈ అడ్డదారి ఎందుకో నాకర్థం కాదు.

ప్రశ్న: రెండుతో గుణించే బదులు << 1 రాస్తే వేగం పెరుగుతుందంటారు, నిజమేనా?

జవాబు: ఇప్పటి కంపైలర్ ఆ పని మీకు చెప్పకుండానే చేసుకుంటుంది. గుణకారం కావాలంటే గుణకారమే రాయండి. భాగహారం దగ్గరైతే ఇంకా జాగ్రత్త, జావాలో -7 / 2 అంటే -3, -7 >> 1 అంటే -4. 1 << 32 అంటే జావాలో మళ్లీ 1 నే వస్తుంది, సీలో 32 బిట్ల సంఖ్యని 32 చోట్లు జరిపితే ఏమవుతుందో భాషే హామీ ఇవ్వదు.

ప్రశ్న: && వేగంగా ఆగిపోవడం ఎప్పుడూ మంచిదేనా? కావాలని ఆపకుండా ఉండాల్సిన చోటు ఏదైనా ఉందా? — సెక్యూరిటీ నేర్చుకుంటున్న పాఠకురాలు

జవాబు: ఉంది, అదీ మీ రంగంలోనే.

సర్వర్‌కి వచ్చిన రహస్య టోకెన్‌ని అసలుదానితో ఒక్కో బైట్ పోలుస్తున్నారనుకోండి. మామూలుగా అయితే మొదటి తేడా రాగానే ఆపేస్తారు. మొదటి బైటే తప్పయితే జవాబు తొందరగా వస్తుంది, ఎనిమిది బైట్లు సరిపోయి తొమ్మిదోది తప్పయితే కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆ కాస్త తేడాని ఓపిగ్గా కొలిచేవాడికి ఎన్ని బైట్లు సరిపోయాయో మీరే చెప్పినట్టు. వాడు ఒక్కో బైట్ సరిచేసుకుంటూ ముందుకు పోవచ్చు, మొత్తం టోకెన్‌ని ఒకేసారి ఊహించాల్సిన పనిలేదు.

అందుకని అక్కడ షార్ట్ సర్క్యూట్ ఉండకూడదు. తేడా అనే వేరియబుల్‌ని 0 తో మొదలుపెట్టి ప్రతి బైట్‌కీ ఇలా చేస్తారు:

తేడా = తేడా | (వచ్చింది ^ అసలు)

రెండు బైట్లూ ఒకటే అయితే ^ సున్నా ఇస్తుంది, తేడా మారదు. ఎక్కడైనా ఒక్క బిట్ తేడా ఉన్నా | దాన్ని పట్టుకుని చివరిదాకా మోసుకెళ్తుంది, మధ్యలో ఆగదు. ఆఖర్న తేడా == 0 అయితేనే లోపలికి. తప్పు ఎక్కడున్నా పట్టే సమయం ఒకటే. అయితే దీన్ని చేత్తో రాయకండి. కంపైలర్ మరీ తెలివిమీరి మధ్యలో ఆపేసేలా మార్చినా మార్చవచ్చు. పైథాన్‌లో హెచ్‌మ్యాక్ మాడ్యూల్‌లో కంపేర్ డైజెస్ట్ అనే ఫంక్షన్ సరిగ్గా దీనికోసమే ఉంది, మీరు వాడే భాషలోనూ ఇలాంటిది ఉందేమో ముందు వెతుక్కోండి.